ఎంత అని అడగని మనిషి

ఆ కాగితాల మీద చివరి గడి నేను గీశాను. గీయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ ఏడాది జ్యేష్ఠమాసం పేజీలు తిరగేస్తే "ఇవాళ ఉక్కగా ఉంది", "అమ్మ ఆవకాయ కలిపింది" అని తప్ప ఇంకేమీ కనపడదు. రాస్తే అది నిజమైపోతుందని భయపడి ఉంటాను.

నిన్న సాలూరు నుంచి నాన్నకు ఒక కార్డు వచ్చింది. పెళ్ళి కబుర్లు, వానల కబుర్లు అయ్యాక అడుగున ఒక్క వాక్యం ఉంది. మన వీధిగదిలో అద్దెకున్న లెక్కల బాబు పోయిన నెల కాలం చేశాడని. నాన్న ఆ కార్డు నా చేతికిచ్చి "తిక్క మనిషి. కానీ మంచివాడు" అని చెప్పులేసుకుని రాయగడ బజారు వైపు వెళ్ళిపోయాడు. కొనవలసింది ఏమీ లేదని నాకు తెలుసు.

అప్పుడు మేం కోరాపుట్ జిల్లాలో, లమ్తపుట్ దాటాక, కొండల మధ్య ఒక చిన్న బ్లాకు ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న పూర్వం ఎస్టేటులో భూములు కొలిచే అమీను. ఎస్టేటు పోయాక బ్లాకు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. నాకు పదిహేడేళ్ళు. బడి అయిపోయింది, పెళ్ళి కాలేదు. మనుషులు వస్తే తలుపు వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. అటక మీద దొరికిన పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివి, పొట్లాల కాగితాలు కూడా విప్పి చదువుకుంటూ ఉండేదాన్ని.

ఆయన ఒక ట్రంకు పెట్టె, గొడుగు, తాటాకు విసనకర్రతో మా వీధిగదిలోకి అద్దెకు దిగాడు. యాభై దాటిన మనిషి. ఊరూరా తిరిగి ప్రతి కుటుంబం స్థితిగతులు ఫారాల్లో నింపే తాత్కాలికపు ఉద్యోగం. ఇల్లు పెంకుదా, గడ్డిదా, రేకుదా. మేకలెన్ని, ఇత్తడి సామానెంత, చేతికొచ్చే రొక్కమెంత. వీటన్నిటికీ గడులున్నాయి. అందుకే ఆయన్ని అందరూ లెక్కల బాబు అనేవాళ్ళు. తమాషా ఏమిటంటే ఆ లెక్కల బాబు నోట "ఎంత" అన్న మాట నేను వినలేదు. ఆయన మాట "ఎందాకా".

మా ఇంట్లో భోజనానికి కూర్చున్న మొదటి రోజే అమ్మని అడిగాడు.

"బియ్యం ఎందాకా వస్తాయి వొదినగోరూ?"

అమ్మ తెల్లబోయి వంటగదిలోకి వెళ్ళిపోయింది. నాన్నకి కోపం వచ్చింది. "ఏటయ్యా ఆ ప్రశ్న? నెల జీతగాడి ఇంట్లో బియ్యానికి లోటా?"

"లోటని కాదు బాబూ. గోడకి గడియారం ఉన్నాది, టేకు కుర్సీలున్నాయి, ఇత్తడి గంగాళం ఉన్నాది. నా ఫారంలో మీది ఈ ఊరికల్లా గొప్ప ఇల్లు. అందుకని అడిగేను."

లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఇరవయ్యో తారీకు దాకా గొప్ప ఇల్లే."

ఇరవయ్యో తారీకు తర్వాత అమ్మ పక్కింటికి శేరు గిన్నె పట్టుకుని వెళుతుందని నాకు తెలుసు. నాన్నకు తెలియదు. లేదా తెలిసినా ఆ మాట ఎవరూ పైకి అనకపోవడం వల్ల తెలియనట్టు ఉండేవాడు. ఆ పూట ఆయన రెండోసారి అన్నం వద్దన్నాడు. తేదీ పద్దెనిమిది.

సాయంత్రం వేళ మా అరుగు మీద నిలబడి చుట్టూ కొండల వైపు చూసేవాడు. పొగలు లెక్కపెట్టేవాడు. "ఆ దిగువూళ్ళో పొయ్యిలు బేగి ఎలిగేయి. ఆ పైనూళ్ళో ఇంకా నేదు. ఆకులేరుకుని ఇప్పుడే దిగుతున్నట్టున్నారు." అలా తనలో తాను చెప్పుకునేవాడు. ఎవరింటికి వెళ్ళినా చూపు ముందు అటక మీదికి పోయేది. విత్తనాల బుట్ట నిండుగా, పొగచూరి నల్లగా ఉంటే ఆయన మొహం తేటపడేది. బుట్ట ఖాళీగా బోర్లించి ఉంటే ఆ రోజు విసనకర్ర తెగ విసురుకునేవాడు.

ఆయన దస్తూరి కోడి గెలికినట్టుండేది. నాన్నే అన్నాడు, "మా అమ్మాయి రాత ముత్యాల్లా ఉంటుంది, సాపు ప్రతులు దాని చేత రాయిస్తాను" అని. ఆయన వీధిగదిలో పీట మీద కూర్చునేవాడు. నేను తలుపు వెనక నిలబడేదాన్ని. కాగితాలు గడప మీద పెట్టేవాడు. నేను వంగి తీసుకునేదాన్ని. సందేహం వస్తే తలుపు వెనక నుంచే అడిగేదాన్ని. ఆయన వీధి వైపు చూస్తూ జవాబు చెప్పేవాడు, నాకు సిగ్గు కలగకుండా. మధ్యాహ్నాలు అమ్మ కునుకు తీసే వేళ ఒడియా అక్షరాల్లో ఆ గడులు నింపుతూ, చూడని ఊళ్ళన్నీ చూసినట్టే ఉండేది నాకు.

ఆ వేసవిలో బ్లాకుకు ఒక ధాన్యం కొట్టు మంజూరైంది. వానల్లో గింజలు తీసుకుని, పంట వచ్చాక తిరిగి పోసే కొట్టు. రెండు ఊళ్ళు పోటీకి వచ్చాయి. ఒకటి రోడ్డు పక్క ఊరు, రేకుల ఇళ్ళు కొన్ని ఉన్నది. రెండోది దాని పైన, కొండ మీద, ముప్ఫై గడపల ఊరు. ఏ ఊరు ఎక్కువ లేమిలో ఉంటే కొట్టు దానికి. ఆ సంగతి ఆయన ఫారాలే చెప్పాలి.

కొండ మీది ఊరికి వెళ్ళి వచ్చిన సాయంత్రం ఆయన అరుగు మీద కూలబడి కాళ్ళలో ముళ్ళు తీసుకుంటూ, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టాడు.

"ఏటయ్యా, ఏటైంది?" అన్నాడు నాన్న.

"మేక బాబూ. ఎడం సెవి సీలిన నల్ల మేక. మొదటింట్లో సూసేను, రాసేను. మూడో ఇంటికెల్తే గుంజకి అదే. అయిదో ఇంట్లో అదే. నన్ను గుర్తుపట్టి ఫారం మూల కొరికేసినాది, సూడండి."

కాగితం మూల నిజంగానే లేదు.

"ఏడో ఇంటికొచ్చేసరికి దానికీ రొప్పొచ్చేసినాది. కూకోయే, నువ్వూ అలిసిపోనావని దాని పక్కనే కూకున్నాను. ఓ ముసిలాయన, ఊరి పెద్ద నాయక్, నన్ను సూసి మొకం పక్కకి తిప్పుకున్నాడు. సుట్టమొస్తే కాళీ ఇల్లు సూపించకూడదట ఆళ్ళకి. పెరటి దారమ్మట మేకని ముందు తోలి, నన్ను ముందు దారమ్మట తెచ్చేరు."

నాన్న కూడా నవ్వాడు. "ఎస్టేటు రోజుల్లో నాగలి పన్నుకి నేను పుస్తకం పట్టుకుని వెళితే ఎడ్లని అడవిలోకి తోలేసేవాళ్ళు. నువ్వెళితే పక్కింటి మేకని తెచ్చి కడుతున్నారు. నీ మీద ప్రేమయ్యా."

"మరేటి సేస్తాం. ఏడిళ్ళకీ ఏడు మేకలు రాసేసినాను. ఆయన ముందు కొట్టెయ్యడానికి సెయ్యి రాలేదు."

తలుపు వెనక నేను కూడా నవ్వుకున్నాను. ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. సాపు ప్రతి రాస్తూ మొత్తాలు కడితే, మేకల్లోనూ ఇత్తడిలోనూ కొండ మీది ఊరు రోడ్డు పక్క ఊరిని దాటిపోయింది. ఇత్తడి చెంబులు కూడా మేకలాగే ఇల్లిల్లూ తిరిగాయని అప్పుడు అర్థమైంది. కాగితాలు గడప మీద పెట్టి, "బాబాయి గారూ, ఇలా ఉంటే కొట్టు వీళ్ళకి రాదు" అన్నాను. నేనుగా ఆయనతో అన్న మొదటి మాట అదే.

ఆయన విసనకర్ర పక్కన పెట్టి మొత్తాలు మళ్ళీ కట్టాడు.

"నిజమే అమ్మీ. కొట్టేస్తే అబద్ధాల ఊరని రాసుకుంటారు. ఒగ్గేస్తే గొప్ప ఊరైపోతాది. రెండు పక్కలా ఆళ్ళకే దెబ్బ."

మర్నాడు ఫారాలు ఇంట్లో వదిలేసి, ఒట్టి చేతులతో మళ్ళీ ఆ ఊరు వెళ్ళాడు. మగవాళ్ళు పోడు నరకడానికి వెళ్ళిన వేళ చూసుకుని, ఊట దగ్గర నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాడట. ఆ వారం సంతలో నాయక్ భార్యని నేను చూశాను. చింతపండు బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్న బక్కపల్చటి ముసలామె. అమ్మ బేరమాడుతుంటే ఆయన అక్కడికి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె దేశియా మాటలు, అంటే కొండవాళ్ళ ఒడియా, ఆయన తెలుగులోకి తిప్పి, నాకు వినపడేటట్టు చెప్పాడు.

"అమ్మా, మొన్న సెప్పినావు కదా, మళ్ళీ సెప్పు. సొంత సోడి ఎందాకా?"

ఆమె వేళ్ళ కణుపులు పట్టుకుంది. మార్గశిరంలో చోడి, అదే రాగి, ఇంటికొస్తుంది. ఫాల్గుణం దాకా రెండు పూటలా అంబలి. చైత్రంలో ఇప్పపువ్వు. ఆ పైన మామిడి, పనస. అక్కడ ఆమె ఆగింది.

"ఆషాఢంలో?"

"టెంకలు" అంది. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, వాగు నీళ్ళలో నానబెట్టి కాచుకునే జావ. లేత వెదురు కొమ్ములు. అవీ చాలకపోతే అటక మీది విత్తనం. విత్తనం తినేసిన ఇంటికి ఆ ఏడు చేను బీడే.

"మరి నాకు మేకనెందుకు సూపించేరే?" అన్నాడాయన.

ఆమె పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. "నువ్వు కొండెక్కి వచ్చినావు. టెంకలు చూపించమంటావా?"

ముప్ఫై ఇళ్ళకూ ఏ నెల దాకా సొంత గింజ ఉంటుందో ఆడవాళ్ళ నోట విని, ఇంటికొచ్చి చిన్న చీటీల మీద రాసుకున్నాడు ఆయన. రోడ్డు పక్క ఊరికి కూడా వెళ్ళి అదే ప్రశ్న అడిగాడు. అక్కడి ఆడవాళ్ళు కూడా చాటుగా చెప్పారు. బొరిగుమ్మ నుంచి రేకులు తెచ్చుకోవడానికి చోళ్ళు అమ్ముకున్న ఆ కొన్ని ఇళ్ళలో గింజ మాఘం కూడా దాటలేదు. కానీ వాళ్ళకి రోడ్డు ఉంది, ఆషాఢంలో కూడా కూలి దొరుకుతుంది. పై ఊరివాళ్ళకి వాగు పొంగితే దిగే దారే లేదు. ఇవన్నీ నాకు గడప అవతల నుంచి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో వయసు వినపడలేదు.

"అమ్మీ, ఈ ఒక్క గడీ ఉంటే సాలు. మేకలుండనీ, సెంబులుండనీ. దాని పక్కన ఈ నెల పేరు రాసుంటే సూసినోడికి తెలీదేటి?"

ఆ మాట బ్లాకు ఆఫీసరుకి చెప్పడానికి వెళ్ళి, అరగంటలో తిరిగి వచ్చాడు. ఫారంలో గడులు పైవాళ్ళు గీసినవి, కొత్తది కలపడానికి మనమెవరం అన్నాడట ఆఫీసరు. పైగా లెక్కల బాబు ఉద్యోగం దసరా దాకానే. పొడిగించాలంటే ఆఫీసరే రాయాలి. సాలూరులో ఆయనకి భార్య, చదువుకునే కూతుళ్ళు ఇద్దరు. నాలుగు రోజుల్లో కాగితాలు పంపాలి.

"గడి నేదన్నారు. ఒగ్గేద్దాం" అని చీటీల కట్ట గడప మీద పెట్టాడు. "ఇయి పొయ్యిలో పడేయమ్మీ. ఉన్నవి ఉన్నట్టు రాసెయ్యి."

ఆయన పీట మీంచి లేచి గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎండ లేదు, వాన లేదు. గొడుగు తెరవకుండానే పట్టుకుని రోడ్డు చివరిదాకా వెళ్ళి నిలబడ్డాడు. ఆ సాయంత్రం పొగలు లెక్కపెట్టలేదు.

నేను చీటీలు పొయ్యిలో వెయ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం ఫారంలో కుడివైపు మిగిలిన అంచు మీద బద్ద పెట్టి గీత గీశాను. పైన "సొంత గింజ ఏ నెల వరకు" అని రాశాను. ముప్ఫై ఇళ్ళకూ ముప్ఫై నెలల పేర్లు. తర్వాత రోడ్డు పక్క ఊరికి కూడా. చేతికి చెమట పట్టి రెండుసార్లు అక్షరం అలుక్కుంది. చిన్నప్పటి నుంచి ఎవరేం చెబితే అది చేసిన దాన్ని. ఆ రోజు చెయ్యవద్దన్నది చేశాను. అందుకు నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. ఆ ముసలామె కణుపులు లెక్కపెడుతూ ఆషాఢం దగ్గర ఆగిన ఆ కాస్త సేపు నా కళ్ళ ముందు నుంచి కదలలేదు. ఆయన కూతుళ్ళు గుర్తుకు రాలేదా అంటే, వచ్చారు. వచ్చినా రాశాను. ఈ మాట చెప్పుకోవడమే కష్టం.

సంతకాల కోసం కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి, అడుగు భాగం మాత్రమే కనపడేటట్టు పైన అట్ట పెట్టి ఇచ్చాను. ఆయన గబగబా సంతకాలు చేసి ఆఫీసుకు పంపేశాడు.

మూడో రోజు నాన్న మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆఫీసరు కాగితాలు బల్ల మీద పడేసి, ఈ గడి ఎవరు గీశారని అడిగాడట. అందరూ లేచి నిలబడ్డారట. లెక్కల బాబు ఆ కాగితాలు తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మెల్లిగా చూసి, "నానే గీయమన్నాను" అన్నాడట.

"వద్దన్నాక గీయిస్తాడా? మతి పోయింది" అన్నాడు నాన్న.

సాయంత్రం ఆయన వచ్చాడు. మామూలుగా పీట వేసుకున్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. ఆయన వీధి వైపే చూస్తూ అన్నాడు.

"ఎప్పుడూ నిలబడే ఉంటావు. కాళ్ళు నొప్పెట్టవేటి? కూకో అమ్మీ."

నేను కూర్చున్నాను. ఇద్దరి మధ్యా తలుపు. ఆయన మరేమీ అడగలేదు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆ గడి ఆయనకి కోపం తెప్పించింది గానీ, చదివించింది కూడా. ఆషాఢం మొదటి వానలు పడ్డాక, ఎవరికీ ముందుగా చెప్పకుండా కొండ మీది ఊరికి బయలుదేరాడు. జీపు వాగు దాకానే వెళ్ళింది. అక్కడి నుంచి నడక. వెంట లెక్కల బాబుని, నాన్నని తీసుకెళ్ళాడు. చెప్పకుండా వెళ్ళారు కాబట్టి మేకని తోలే వ్యవధి ఊరికి దొరకలేదు. పొయ్యిల మీద ఏది ఉడుకుతోందో అదే కనపడింది.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకి నాన్న తడిసి ముద్దై వచ్చాడు. అమ్మ వడ్డించింది. పీట మీద కూర్చుని, కంచం పక్కకి జరిపాడు.

"ఆ ఊళ్ళో నాగళ్ళు నేనే లెక్కపెట్టాను, పాతికేళ్ళు" అన్నాడు. "ఎన్ని నాగళ్ళో ఇప్పటికీ చెప్పగలను. కుండ మూత ఎప్పుడూ తియ్యలేదు."

అమ్మ నెయ్యి గిన్నె కింద పెట్టింది.

"మన బియ్యం ఎందాకా వస్తాయి?" అని అడిగాడు నాన్న.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళకి ఆ మాట అడిగాడు. అమ్మ నెమ్మదిగా చెప్పింది. శేరు గిన్నె సంగతి కూడా చెప్పింది. ఇద్దరూ ఆ పూట మెల్లిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మరుసటి నెల టేకు కుర్చీలు రెండు అమ్మేసి వడ్లు కొన్నారు. మా ఇంట్లో అరుగు మీద కూర్చోవడానికి చాప వచ్చింది. ఇరవయ్యో తారీకు మిగిలిన తారీకుల్లాగే గడిచింది.

కొట్టు కొండ మీది ఊరికి ఇచ్చారు. రాతి గోడలు లేవడానికి ఏడాది పడుతుందని, ముందుగా నాయక్ ఇంటి పక్క పాకలోకి బస్తాలు మోయించారు. రోడ్డు పక్క ఊరికి తర్వాతి విడతలో ఇస్తామని ఆఫీసరు రాశాడు. తన ఫారాల్లో ఆ చివరి గడి ఉంచమని కూడా రాశాడట. పైవాళ్ళు ఏమన్నారో నాకు తెలియదు. భాద్రపదంలో నాయక్ భార్య సంతకి దిగింది. మా గుమ్మంలో రెండు మొక్కజొన్న పొత్తులు పెట్టి, లెక్కల బాబుకివ్వమంది. ఆ ఏడు అటక మీది విత్తనం ఎవరూ తినలేదని, చేలన్నీ పచ్చగా ఉన్నాయని చెప్పింది. నేను తలుపు వెనక్కి వెళ్ళకుండానే ఆమెతో మాట్లాడాను.

ఆయన ఉద్యోగం మాత్రం దసరాతో ఆగిపోయింది. పొడిగింపు రాలేదు. ఆ గడి వల్లనా, పని అయిపోవడం వల్లనా అని నాన్నని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. లెక్కల బాబుని అసలే అడగలేకపోయాను. తర్వాత సాలూరులో ఏదో కొట్టులో గుమాస్తాగా చేరాడని, పెద్ద కూతురు టీచరైందని విన్నాం. ఉత్తరం రాద్దామని చాలాసార్లు కాగితం ముందు పెట్టుకున్నాను.

ఆయన వెళ్ళిన రోజు బస్సు పొద్దున్న తొమ్మిదింటికి. నాన్న ట్రంకు పెట్టె పైకెక్కించాడు. నేను మొదటిసారి ఆయన ఎదురుగా నిలబడ్డాను. నాకన్నా పొట్టి మనిషని అప్పుడు తెలిసింది. "బాబాయి గారూ, ఆ కాగితాలు" అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, ఈసారి వీధి వైపు చూడకుండా నా వైపే చూశాడు.

"నువ్వు ఆ ఊరు ఒక్కసారీ సూడలేదు గదమ్మీ. వచ్చే ఆషాఢంలో ఎల్లు. ఇంట్లో తినేసి ఎల్లకు. ఆళ్ళు పెడతారు."